అడిగినవారు, చెప్పినవారు: నెల్లూరు తీరాన క్రైస్తవ విద్వత్తు పుట్టుపూర్వోత్తరాలు

1651లో హాలండులోని లైడెన్ నగరంలో ఒక డచ్చి పుస్తకం అచ్చయింది. మన ఆచారాలు, దేవతలు, పండగలు, గుళ్ల గురించి ఒక క్రైస్తవ పాదిరీ రాసిన పుస్తకం అది. అందులో భర్తృహరి కూడా ఉన్నాడు. నీతి, వైరాగ్య శతకాల సారం దాదాపు రెండు వందల సుభాషితాలుగా అందులో చేరింది. సంస్కృత కవిత్వం ఐరోపా భాషలో అచ్చులోకి రావడం అదే మొదలని పండితులు లెక్కగడతారు. చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ తరవాత 134 ఏళ్లకు.

ఆ పుస్తకానికి సరుకు సమకూడింది మన ప్రళయకావేరి ఒడ్డున, పళవేర్కాడులో. ఇంగ్లీషువాళ్ల నోట పులికాట్ అయిన ఆ ఊరు ఇవాళ తమిళనాడులో ఉన్నా, సరస్సులో ఎక్కువ భాగం తడ, సూళ్లూరుపేటల వైపు, అంటే పాత నెల్లూరు జిల్లా వైపే పరుచుకుని ఉంది. అక్కడి నుంచి ఉత్తరాన రామాయపట్నం దాటి ఒంగోలు దాకా సాగే తీరం వెంట క్రైస్తవ విశ్వాసానికీ చదువుకూ సాహిత్యానికీ దాదాపు నాలుగు వందల ఏళ్ల పొత్తు ఉంది. ఆ పొత్తు ఎట్లా మొదలైందో, ఎవరి చేతుల మీదుగా నడిచిందో తెలుసుకుంటే, తెలుగు సాహిత్య చరిత్రలో మనం తొందరగా దాటవేసే కొన్ని పేజీలు మళ్లీ తెరుచుకుంటాయి.

పాదిరీ, పద్మనాభుడు

డచ్చివాళ్లు పళవేర్కాడులో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. వాళ్లకు కావలసింది ఈ తీరపు అద్దకాల బట్టలు. కోటలోని వర్తకులకూ సిపాయిలకూ ఆరాధన నడపడానికి 1632 ప్రాంతంలో అబ్రహాం రోజేరియస్ అనే యువ పాదిరీ వచ్చి, పదేళ్లు ఉన్నాడు. తన కోటలోని వాళ్లకు ఆదివారం ప్రసంగం చెప్పి ఊరుకున్నా ఆయన్ను అడిగేవాళ్లు లేరు. ఆయన మాత్రం కోట బయట జనం ఏం నమ్ముతున్నారో, ఎందుకు నమ్ముతున్నారో తెలుసుకోవాలనుకున్నాడు.

ఆయనకు దొరికిన గురువు పద్మనాభుడనే బ్రాహ్మణుడు. డచ్చివాళ్ల నీడన తలదాచుకుంటున్న ఆయనకు పోర్చుగీసు వచ్చు. రోజేరియస్‌కూ వచ్చు. ఇద్దరిలో ఎవరి సొంత భాషా కాని ఆ పోర్చుగీసులోనే వాళ్ల మాటలు నడిచాయి. రోజేరియస్ అడుగుతూ పోయాడు. పద్మనాభుడు వర్ణాల గురించి, నిత్యకర్మల గురించి, విష్ణువు అవతారాల గురించి, పెళ్లి గురించి, చావు గురించి చెబుతూ పోయాడు. భర్తృహరి శ్లోకాలకు అర్థం చెప్పాడు. ముచ్చటేమిటంటే, తెలుగులోనూ భర్తృహరి అనువాదం మొదలైంది ఆ శతాబ్దంలోనే. ఏలకూచి బాలసరస్వతి శతకాలను పద్యాల్లోకి తెచ్చాడు. ఒకే గ్రంథం ఒక పక్క తెలుగు ఆస్థానంలో పద్యమవుతూ, మరో పక్క సముద్రపు ఒడ్డున పాదిరీ కాగితాల మీదికి ఎక్కుతూ వచ్చింది.

రోజేరియస్ 1647లో స్వదేశం చేరి, 1649లో కన్నుమూశాడు. ఆయన భార్య పూనుకోవడం వల్ల పుస్తకం వెలుగు చూసింది. 1663లో జర్మనులోకి, 1670లో ఫ్రెంచిలోకి వెళ్లింది. జర్మను రచయిత హెర్డర్ దాకా భర్తృహరి పేరు చేరింది ఈ దారినే.

రోజేరియస్ మన మతాన్ని సత్యమని ఒప్పుకున్నవాడు కాదు. పుస్తకానికి పెట్టిన పేరులోనే మన మతం ఆయన లెక్కలో అన్యమతమని తేలిపోతుంది. అయినా లోపలి పేజీల్లో తొందరపాటు తీర్పులు తక్కువ. పద్మనాభుడు ఏం చెప్పాడో అది చెప్పినట్టుగా నమోదు చేశాడు. ఎవరు చెప్పారో ఆ పేరూ రాశాడు. తనకు సమాచారం ఇచ్చిన భారతీయుణ్ణి పేరుతో చెప్పిన తొలి ఐరోపా రచయితల్లో ఆయన ఒకడు. ఎదుటివాణ్ణి ఒప్పించాలనుకునేవాడు ముందు ఎదుటివాణ్ణి వినాలి. ఈ తీరాన క్రైస్తవ విద్వత్తు ఆ వినికిడితోనే మొదలైంది.

అచ్చుకు దారి వేసినవారు

తరవాతి వందేళ్ల కథ నెల్లూరుకు అటూ ఇటూ నడిచింది. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మను పాదిరీ తెలుగు నేర్చుకుని, 1732 నాటికి బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది రాతప్రతిగానే ఉండిపోయింది. స్వదేశం వెళ్లాక 1746లో ఆయన హాలె పట్టణంలో చిన్న చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరం తొలిసారి అచ్చు మొహం చూసింది అక్కడే.

ఆ 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ రాశాడు. క్రీస్తు కథను, క్రైస్తవ తత్త్వాన్ని ప్రబంధ ఫక్కీలో పద్యాల్లో చెప్పిన కావ్యం అది. పాదిరీల వచనం ఇంకా తడబడుతున్న రోజుల్లోనే ఒక తెలుగు కవి క్రీస్తును మన ఛందస్సులో కూర్చోబెట్టాడు. తెలుగు క్రైస్తవ సాహిత్యం మిషనరీల బళ్లో పుట్టిందనేవాళ్లు ఈ కావ్యాన్ని గుర్తుంచుకోవాలి.

1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ దే గ్రాంజ్ అనే పాదిరీలు విశాఖపట్నం వచ్చారు. వాళ్లకు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. దే గ్రాంజ్, ఆనందరాయరు కలిసి సువార్తల్ని తెలుగు చేశారు. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ 1810లో పోయారు. వాళ్లు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇక్కడా రోజేరియస్, పద్మనాభుల నాటి పద్ధతే కనిపిస్తుంది. ఒకరికి గ్రీకు తెలుసు, మరొకరికి తెలుగు పలుకుబడి తెలుసు. ఇద్దరూ కూర్చుంటేనే పుస్తకం.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కథ మనకు కొత్త కాదు. ఆయన తండ్రి పాదిరీ. బ్రౌన్ వేమనను వెతికిపెట్టాడు, కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సమాజం వారి ముద్రణాలయంలో అచ్చయింది. బైబిలు అచ్చువేయడానికి సమకూర్చుకున్న తెలుగు అచ్చుల సాధనసంపత్తి మన నిఘంటువుకూ ఊతమైంది. ఆ బ్రౌన్ ఉత్తరాల్ని, కాగితాల్ని మన కాలంలో పట్టుదలగా వెలికి తీసినవాడు నెల్లూరు జిల్లా బిడ్డ బంగోరె, బండి గోపాలరెడ్డి. విశ్వాసం వేరైనా విద్య ఒకరికొకరిని బంధువుల్ని చేస్తుందనడానికి ఆ ఇద్దరి పేర్లు చాలు.

నెల్లూరు: పద్యం కాపాడిన చుక్క

నెల్లూరులో మిషన్ పెట్టినవాడు శామ్యూల్ డే. కెనడాలో పుట్టి, అమెరికన్ బాప్టిస్టుల తరఫున 1836లో భారతదేశం వచ్చాడు. విశాఖపట్నంలో, శ్రీకాకుళంలో, మద్రాసులో కొంతకాలం ఉండి, 1840లో పెన్న ఒడ్డున స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఆరోగ్యం చెడి డే 1846లో తిరిగి వెళ్లాడు. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ వచ్చింది. డే మళ్లీ వస్తానన్నాడు. 1849లో లైమన్ జ్యూవెట్‌ను వెంటబెట్టుకుని నెల్లూరు చేరాడు.

1853లో న్యూయార్కు రాష్ట్రం ఆల్బనీలో జరిగిన సభలో అదే ప్రశ్న మళ్లీ లేచింది. గోడ మీద పటం ఉంది. బర్మాలో మిషన్ కేంద్రాలున్న చోటల్లా చుక్కలు. బంగాళాఖాతానికి ఈ పక్కన నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క. మాట్లాడుతున్న వ్యక్తి ఆ ఒంటరి చుక్కను చూపించాడు. సభలో కూర్చున్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి దాని మీద ఒక పద్యం రాసి, మర్నాడు చదివి వినిపించాడు. అమెరికా దేశమంతా పాడుకునే ‘అమెరికా’ గీతాన్ని 1831లో రాసిన కవి ఆయనే. ఆ పద్యం మనసుల్ని కదిలించింది. మిషన్ నిలిచింది. అప్పటినుంచి దానికి ‘లోన్ స్టార్ మిషన్’ అనే పేరు స్థిరపడింది. 1873 నుంచి నెల్లూరులో పనిచేసిన డేవిడ్ డౌనీ 1893లో ఈ మిషన్ చరిత్ర రాసినప్పుడు పుస్తకానికి అదే పేరు పెట్టాడు.

లెక్కలు చూసి మూసేయాలనుకున్న పనిని కవిత నిలబెట్టడం చిన్న విషయం కాదు. ఆదాయవ్యయాల పట్టికలో నెల్లూరు నష్టం ఖాతా. కవి ఊహలో మాత్రం అది ఇంకా తెల్లవారని రాత్రి. ఆ ఊహే నిజమైంది. సృజనకు విశ్వాసంతో పొత్తు ఎందుకు కుదురుతుందో ఇక్కడ అర్థమవుతుంది. రెండూ కంటికి కనబడనిదాన్ని ముందే చూసి, దానికోసం పనిచేస్తాయి.

జ్యూవెట్ ముప్పై ఏళ్లకు పైగా తెలుగుతో సావాసం చేశాడు. తెలుగు బైబిలు సవరణ పనిలో పాలుపంచుకున్నాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కన కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో జూలియా అనే నెల్లూరు అమ్మాయి ఉంది. మిషన్ బళ్లో చదువుకున్న పిల్ల. ఆడపిల్లకు పలక ఇవ్వడమే వింతగా చూసే రోజుల్లో, బళ్లో చదువుకున్న అమ్మాయి ఈ తీరపు క్రైస్తవ చరిత్రలో తొలి పుటలోనే నిలబడి ఉంది.

దక్షిణాన, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరుల్లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు 1865 నుంచి పనిచేశారు. రోమన్ కతోలికులకు నెల్లూరు ప్రత్యేక మేత్రాసనమైంది 1928లో. ఒక్కో సంఘం తన బడిని తాను కట్టుకుంది. ఆ బళ్లలో మాత్రం అన్ని కులాల, అన్ని మతాల పిల్లలు అక్షరాలు దిద్దారు.

చెప్పులు కుట్టిన చేతుల చదువు

1865లో నెల్లూరు దిగిన బాప్టిస్టు పాదిరీ జాన్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలు వెళ్లాడు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. క్లౌ దగ్గరికి ముందుగా వచ్చిన వాళ్లలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఏ పాదిరీ పిలవకముందే దేవుణ్ణి వెతుక్కుంటూ యోగ గురువుల దగ్గర సాధన చేసినవాడు. వ్యాపారం మీద ఏలూరు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, నచ్చి, ఒంగోలులో దొర ఉన్నాడని తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. తిరిగి వెళ్లి తన ఊళ్లలో తనే బోధించాడు.

అదే సమయంలో ఒంగోలు పెద్దకులాల వాళ్లు కూడా బడికి పిల్లల్ని పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్లు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ తన గదిలో, ఆయన భార్య తన గదిలో విడివిడిగా బైబిలు తెరిచారు. ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయి. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు అది. నిర్ణయం అయిపోయింది. గొప్పింటి పిల్లలు బడి మానేశారు. మాదిగలు ఉండిపోయారు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని గుత్తకు తీసుకున్నాడు. అమెరికాలో ఆయన చదువు సర్వేపని. ఆ చదువు ఇక్కడ వేలమందికి కూలి, కూడు అయింది. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం తక్కువమందికే పట్టింది. ఇంతమందికి చదువు చెప్పేవాళ్లెవరు?

దానికి జవాబు సముద్రం ఒడ్డునే సిద్ధమవుతోంది.

రామాయపట్నం

రామాయపట్నంలో వేదాంత పాఠశాల 1872లో మొదలైంది. పునాది వేసిన పాదిరీల్లో టింపనీ ఒకడు. విశాఖపట్నంలో నేటికీ ఆయన పేరున బడి నడుస్తోంది. రామాయపట్నం వచ్చిన విద్యార్థులు ఎక్కువగా మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. పెళ్లయినవాళ్లు భార్యల్ని తీసుకొచ్చారు. ఆ భార్యలకూ పాఠాలు చెప్పారు.

ఆ రోజుల్ని ఒకసారి ఊహించుకోవాలి. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని మనిషి రామాయపట్నంలో భార్యతో కలిసి కూర్చుని పౌలు పత్రికలు చదువుతున్నాడు. వాక్యానికి అర్థమేమిటి, ఇదే అర్థమని ఎందుకు అంటున్నావు అని అడిగితే నిలబడి జవాబు చెప్పాలి. సొంతంగా ప్రసంగం తయారు చేసుకోవాలి. చదువుకున్నాక ఊరికి పోతే అతనే బోధకుడు, అతనే బడిపంతులు. ఊళ్లోకి వచ్చిన ఉత్తరం చదివిపెట్టేదీ, అర్జీ రాసిపెట్టేదీ అతనే. అర్థం చెప్పే అధికారం చేతులు మారింది ఇక్కడే.

తరవాతి కాలంలో తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి 1964లో రాజమహేంద్రవరంలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకున్నాయి. అది తరవాత హైదరాబాదుకు మారింది. సంఘాల మధ్య గోడలు చదువు దగ్గర కొంత కరిగాయి. ఆ ఉమ్మడి చదువు వెనక రామాయపట్నం లాంటి పాత పాఠశాలల దశాబ్దాల కృషి ఉంది.

కథలు విన్న పండితురాలు

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్న విదుషీమణి. స్త్రీల హక్కుల కోసం తొలి రోజుల్లో గొంతెత్తిన మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పరిశోధన 1898లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడే, 1899లో, ఆమె మాదిగల మీద ‘వైల్ సోయింగ్ సాండల్స్’ అనే పుస్తకం తెచ్చింది. అరుంధతి కథ, మాతంగి ఆరాధన, పేరయ్య లాంటివాళ్ల ఆధ్యాత్మిక అన్వేషణ, చెప్పులు కుట్టే వాడల జీవితం అందులో ఉన్నాయి.

క్రైస్తవులయ్యాక పాత కథలెందుకని ఆమె అనుకోలేదు. ఆ జనానికి ఒక గతం ఉందనీ, ఆలోచన ఉందనీ, దేవుడి గురించి వాళ్లు ఎప్పటినుంచో ఆలోచిస్తున్నారనీ ఆమె లోకానికి చెప్పింది. అక్షరాస్యుల పుస్తకాలు పట్టించుకోని చరిత్రను, చెప్పినవాళ్ల నోటినుంచి తీసుకుని కాగితం మీద పెట్టింది. 1914లో క్లౌ జీవితకథను కూడా ఆమే సిద్ధం చేసింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ 1907లో రాసిన సామాజిక క్రైస్తవ గ్రంథం తన ఆలోచన మీద చెరగని ముద్ర వేసిందని మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ రాసుకున్నాడు. విశ్వాసం పేదవాడి ఆకలిని, అవమానాన్ని పట్టించుకోవాలని అక్కాతమ్ముళ్లిద్దరూ నమ్మారు. అక్కకు ఆ సంగతి ఒంగోలు పల్లెల్లో కళ్లెదుట కనిపించింది.

కీర్తన, పద్యం

చదువు రాని సంఘాలకు కీర్తనే పుస్తకం. ఆ పుస్తకాన్ని ఇచ్చినవాళ్లలో పెద్దపేరు పురుషోత్తమ చౌదరిది (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంవాడు. ఆయన కీర్తనలు తీరం పొడవునా నెల్లూరు దాకా పాకాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. త్యాగరాజు, భజన గోష్ఠులు పెంచిన చెవులకు అలవాటైన బాణీలోనే క్రీస్తు స్తుతి సాగింది. ఇంగ్లీషు పాటల అనువాదాలు గుడిలో ఉండిపోతే, ఈ కీర్తనలు ఇంటికొచ్చాయి, పొలానికెళ్లాయి, పెళ్లిలో, చావులో వినిపించాయి.

నెల్లూరు, ఒంగోలు నుంచి ఉత్తరంగా, పడమటగా పెరిగిన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు 1883లో వినుకొండ ఒక కేంద్రమైంది. ఆ వినుకొండలో 1895 సెప్టెంబరు 28న గుర్రం జాషువా పుట్టాడు. క్రైస్తవుడై పౌరాణిక కథలు రాస్తాడేమిటని తనవాళ్లలో కొందరు తప్పుపట్టారు. అంటరానివాడికి పద్యమేమిటని పండితసభలు మొహం తిప్పుకున్నాయి. ఆయన రెండు పక్కలకూ పద్యంతోనే బదులు చెప్పాడు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

‘క్రీస్తు చరిత్ర’ చేరిన చోటు నుంచి వెనక్కి చూస్తే దారంతా స్పష్టంగా కనిపిస్తుంది. పళవేర్కాడులో తెలిసిన మనిషి చెప్పాడు, పాదిరీ రాసుకున్నాడు. విశాఖలో ఇద్దరూ కలిసి రాశారు. ఒంగోలులో పేరయ్య పాదిరీ కన్నా ముందే వెతికి, పాదిరీతో సమానంగా బోధించాడు. రామాయపట్నంలో చదువుకున్నవాళ్లు అర్థం చెప్పే బాధ్యత తీసుకున్నారు. జాషువా దగ్గరికి వచ్చేసరికి అడిగేవాడూ చెప్పేవాడూ రాసేవాడూ ఒక్కడే అయ్యాడు. పరాయిగా వచ్చిన కథను సొంత పద్యంలో, సొంత గాయంతో, పూర్తి అధికారంతో చెప్పాడు. ఈ తీరం మీద విశ్వాసం విద్యతో చేసిన ప్రయాణానికి అసలు ఫలం అదే.

ఇక మన వంతు

ఈ చరిత్రలో సగం ఇంకా చెదిరిపోయి ఉంది. పాత సంఘాల రిజిస్టర్లు, బోధకుల చేతిరాత పుస్తకాలు, పల్లెల్లో కట్టుకున్న పాటల నోటుపుస్తకాలు ఉప్పుగాలిలో పెళుసెక్కుతున్నాయి. వాటిని సంఘాలు ఒక్కటే కాపాడలేవు. ఇది మాకు సంబంధించింది కాదని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు అనుకోకూడదు. తాళపత్రాలకు చేసిన సేవ వీటికీ చేయాలి. సంఘాలు కూడా తమ చరిత్రను మిషనరీ దొరల జీవితచరిత్రగా మాత్రమే చెప్పుకోవడం మానాలి. ఊళ్లో తొలి బడి నడిపిన పంతులెవరు, తొలి కీర్తన కట్టిందెవరు, చదవడం నేర్చిన తొలి ఆడపడుచు ఎవరు అని పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.

దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట ఒక డచ్చి పాదిరీ తనకు చెప్పిన మనిషి పేరు తన పుస్తకంలో రాశాడు. ఆపాటి న్యాయం మన తెలుగు సాహిత్య చరిత్రలు, సంఘ చరిత్రలు ఆనందరాయరుకు, పేరయ్యకు, జూలియాకు, పేరు తెలియకుండా పోయిన వందలమంది బోధకులకు చేయాలి. వాళ్లు తెలుగు చదువుకు పనిచేసినవాళ్లు. వాళ్ల చోటు అడుగున ఇచ్చే చిన్న అక్షరాల వివరణలో కాదు, అసలు కథలో.